గోడకి ఊపిరాడకపోతే

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటుంది మా పెదనాన్నగారి అమ్మాయి. పోయిన వానాకాలంలో వీడియో కాల్ చేసి "మా బేస్‌మెంట్‌కి మోల్డ్ పట్టిందిరా తమ్ముడూ, గోడల షీట్లన్నీ పీకించాలంట, కొటేషన్ చూస్తే కళ్ళు తిరిగాయి" అంది. పక్కన మంచం మీద కూర్చున్న మామ్మకి సగమే వినిపించింది. "బేస్‌మెంటంటే పునాదే కదేట్రా? పునాదికి బూజేటి?" అనడిగింది నన్ను.

అక్కా నేనూ నవ్వేశాం. తర్వాత ఆలోచిస్తే మామ్మ అడిగింది సరైన ప్రశ్నే అనిపించింది. మన దగ్గర బేస్‌మెంట్ అంటే భూమి లోపలి గది కాదు. ఎవర్నైనా "ఇల్లు ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగండి. "బేస్‌మెంట్ అయిపోయింది, స్లాబ్ పడాలి" అంటారు. ప్రభుత్వ ఇళ్ళ బిల్లులు కూడా బేస్‌మెంట్ లెవెల్, రూఫ్ లెవెల్ అనే లెక్కలోనే పడతాయి. అంటే నేల మీంచి గచ్చు దాకా ఎత్తు లేపే భాగమన్నమాట. అమెరికాలో కిందకి దిగేది, మన దగ్గర పైకి లేచేది. మాట ఒకటే.

అయితే మా ఇంట్లో అమెరికా టైపు బేస్‌మెంట్ కూడా ఉంది. ఎవరూ తవ్వలేదు. అదే తయారైంది.

మాది హరిశ్చంద్రపురం. హౌరా–చెన్నై లైను మీద తిలారుకీ కోటబొమ్మాళికీ మధ్య వచ్చే చిన్న స్టేషన్. సముద్రం మాకు కనిపించదు గానీ సాయంత్రం గాలి తిరిగితే ఒంటికి తెలుస్తుంది. ఉప్పు కావాలంటే నౌపడ, జీడిపప్పు కావాలంటే పలాస, కొబ్బరికాయ కావాలంటే ఉద్దానం. మా ఇల్లు తాత కట్టించింది. అరవై ఏళ్ళు దాటాయి. ఉత్తరాంధ్ర పల్లెలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: వీధంతా ఒకే బారున ఇళ్ళు, రైలు పెట్టెల్లాగా. అటు గోడ పక్కింటివాళ్ళదీ మనదీ, ఇటు గోడ కూడా అంతే. ముందు వీధి గది, తర్వాత నడిమి గది, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. వీధి గదికి కిటికీ ఉంటుంది, వంటింటికి పెరటి తలుపు ఉంటుంది. నడిమి గదికి రెండు వైపులా గోడలే.

గోడలు 18 అంగుళాల మందం. మట్టితో పేర్చిన ఇటుక, పైన సున్నం పూత. మీద బెంగళూరు పెంకులు. నడిమి గదికీ వంటింటికీ మధ్య ఆకాశం కనిపించేలా నాలుగడుగుల జాగా ఉండేదట. వాన పడితే నీళ్ళు అక్కడే పడి సన్న కాలువలోంచి పెరట్లోకి పోయేవి. నాకు ఊహ తెలిసేసరికే దాని మీద రేకు వేసేశారు. వాన రాకుండా, పిల్లులు దిగకుండా. నా దృష్టిలో మా ఇంటికి జరిగిన మొదటి ఆపరేషన్ అదే. పోయింది ఊపిరితిత్తి.

రెండోది రోడ్డు. మామ్మ కాపురానికొచ్చినప్పుడు వీధిలోంచి మా అరుగు ఎక్కడానికి మూడు మెట్లుండేవట. అప్పుడు మట్టి వీధి. తర్వాత మెటల్ పోశారు. తర్వాత సిమెంటు రోడ్డు పడింది. అది పగిలాక తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పడింది. ఒక్కో పొరకీ ఒక్కో మెట్టు మాయం. ఇప్పుడు వీధిలోంచి మా ఇంట్లోకి ఒక మెట్టు కిందకి దిగాలి. ఈలోగా ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకున్నారు. ఎవరికి వాళ్ళు రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు లేపారు. వాళ్ళని తప్పు పట్టలేం, రేపు రోడ్డు మళ్ళీ లేస్తుందని వాళ్ళకి తెలుసు. కానీ నీళ్ళకి ఎక్కడో ఒకచోట పల్లం కావాలి కదా. ఆ పల్లం మేమే. ఇల్లు అంగుళం కదలకుండానే గోతిలోకి దిగిపోయింది. అక్క ఇంటి బేస్‌మెంట్‌కీ మా నడిమి గదికీ ఇప్పుడు పెద్ద తేడా లేదు. వాళ్ళకి కింద సంప్ పంపు ఉంది, మాకు చేట ఉంది.

మూడో దెబ్బ తిత్లీ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకున్నాయో అందరూ ఫొటోల్లో చూశారు. నేనప్పుడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. మా ఇంటికి పెంకులు సగం ఎగిరిపోయాయి, గోడలు నిలువునా తడిశాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాన్ కూడా లేదు ఆరబెట్టడానికి. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే బూజు చాలావరకు పట్టదని చెప్తారు. మా గోడలకి నలభై ఎనిమిది గంటలు కాదు, దీపావళి దాటినా ఆరలేదు.

రిపేరుకి వచ్చిన కాంట్రాక్టరు పాత సున్నం పూతంతా గీకించి సిమెంటు ప్లాస్టింగ్ చేయించాడు. "ఇంక యాభై ఏళ్ళు చూడక్కర్లేదు బాబూ" అని నాన్నతో చెప్పాడట. నడిమి గదిలో నేల నుంచి నాలుగడుగుల దాకా టైల్స్ కూడా వేశాడు, చెమ్మ కనిపించకుండా. ఆ మాట గమనించండి. చెమ్మ రాకుండా అని కాదు, కనిపించకుండా అని.

మొదటి రెండేళ్ళూ బాగానే ఉంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి నేను లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. మీటింగులకి చప్పుడు లేని గది అదొక్కటే కాబట్టి నడిమి గదిలో కూర్చునేవాణ్ణి. ఓ వాసన. తడి గోనెసంచి, పాత పుస్తకం, ఉతికి మడత పెట్టేసిన తడి తువ్వాలు, ఈ మూడూ కలిపితే వచ్చే వాసన. టైల్స్ అయిపోయిన చోట, సరిగ్గా అయిదో అడుగులో, గోడ ఉబ్బి పెచ్చులూడుతోంది. బీరువా జరిపితే వెనక నల్ల చుక్కలు, ఆవాలు చల్లినట్టు.

2021 మే నెలలో ఆ చుక్కల్ని చూసి అమ్మ హడలిపోయింది. టీవీలో అప్పుడు రోజూ బ్లాక్ ఫంగస్ వార్తలే కదా. చాలామందికి ఇప్పటికీ ఆ అనుమానం ఉంది కాబట్టి ఇక్కడ ఓ మాట. కోవిడ్ టైములో వచ్చిన జబ్బు మ్యూకర్‌మైకోసిస్. షుగర్ అదుపులో లేనివాళ్ళకీ, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్ళకీ ప్రమాదమైంది. అది సోకిన చోట కండ చచ్చి నల్లబడుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది తప్ప, ఆ ఫంగస్ నల్లగా ఉంటుందని కాదు. గోడ మీద నల్ల చుక్కలు వేరే జాతులు. వాటిని చూసి ఐసీయూ గుర్తు తెచ్చుకోవాల్సిన పనిలేదు. అలాగని ఊరికే ఒగ్గేసేదీ కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువగా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దీని మీదే విడిగా ఓ మార్గదర్శక పుస్తకం వేసింది. ఇంత బూజు వరకు ఫర్వాలేదు అనే అంకె మాత్రం అందులో ఇవ్వలేదు. చెమ్మే లేకుండా చూసుకోండి అంది.

మా వైపు ఆరోగ్యం అంటే ముందు కిడ్నీ గుర్తొస్తుంది. ఉద్దానం పేరు చెబితే దేశమంతా అదే అడుగుతుంది, న్యాయమే. కానీ దానివల్ల ఊపిరితిత్తుల గొడవ ఎవరికీ పట్టదు. ముసలివాళ్ళు దగ్గితే "వయసు" అంటాం, "పొయ్యి పొగ" అంటాం. మామ్మది నడిమి గది. యాభై ఏళ్ళుగా ఆ మంచం అక్కడే, ఆ గోడ పక్కనే. పిల్లలు ముగ్గురూ పుట్టింది ఆ గదిలో, తాత పోయిందీ ఆ గదిలోనే. రెండేళ్ళ కిందట శ్రావణంలో రాత్రిపూట ఆయాసం మొదలైంది. ఛాతీలోంచి సన్నగా ఈల. శ్రీకాకుళంలో చూపిస్తే డాక్టరుగారు ఇన్‌హేలర్ రాసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "పడుకునే గదిలో చెమ్మ ఉందా?"

అంతకుముందు మూడు సంక్రాంతులు ఒకటే కథ. పెయింటర్ వస్తాడు, పెచ్చులు గీకుతాడు, పుట్టీ పెడతాడు, చెమ్మని ఆపే రంగు అంటూ ఖరీదైన డబ్బా తెస్తాడు. ఉగాది దాకా గోడ పెళ్ళికొడుకు. జూన్‌లో మొదటి వానలకి ఉబ్బు, ఆగస్టుకి చుక్కలు. రంగులకే 20,000 దాటింది. సాఫ్ట్‌వేర్‌లో మేం ఎర్రర్ మెసేజ్‌ని దాచేసి బగ్ పోయిందనుకోం. గోడ మీద బూజు ఎర్రర్ మెసేజ్ మాత్రమే. అసలు బగ్ నీళ్ళు. బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మన ఇంట్లోనూ, కలెక్టరుగారింట్లోనూ. తినడానికి దుమ్మో రంగో కాగితమో ఎక్కడైనా దొరుకుతుంది. మన చేతిలో ఉన్నది నీళ్ళొక్కటే.

ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. దళసరి పాలిథిన్ ముక్క, జానెడు వెడల్పుది, గోడకి నాలుగు వైపులా టేపు వేసి అంటించాలి. రెండు రోజులాగి చూడాలి. పాలిథిన్ బయటి వైపు చెమర్చితే నీళ్ళు గాలిలోంచి వస్తున్నట్టు. లోపలి వైపు, అంటే గోడ వైపు చెమర్చితే గోడలోంచి వస్తున్నట్టు. నేను ఆరు చోట్ల అంటించాను. నడుం ఎత్తులో అన్నీ గోడ వైపే తడి. బీరువా వెనక మాత్రం రెండు వైపులా.

గోడలోంచి వచ్చేది నేల చెమ్మ. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పైకి పీల్చుకుంటుంది. మామూలుగా మోకాలి నుంచి నడుం దాకా ఎక్కుతుంది. కొత్త ఇళ్ళకైతే బేస్‌మెంట్ మీద గోడ మొదలుపెట్టే ముందు నీరు ఎక్కకుండా ఓ పొర వేస్తారు, డీపీసీ అంటారు మేస్త్రీలు. ఒకటిన్నర అంగుళం మందం కాంక్రీటు, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి, పైన తారు పూత. ఇల్లు మొత్తం ఖర్చులో అది పిసరంత. మీరెవరైనా ఇల్లు కట్టిస్తుంటే ఆ రోజు సెలవు పెట్టి దగ్గరుండి చూసుకోండి, స్లాబ్ రోజు కంటే అదే ముఖ్యం అంటాను నేను. మా తాత కాలం ఇళ్ళకి ఆ పొర లేదు. అయినా అవి నిలబడ్డాయి. ఎందుకంటే సున్నం పూత ఎక్కిన చెమ్మని ఎక్కినచోటే గాలిలోకి వదిలేసేది. గోడ అడుగున కొంచెం తడి, దాని పైన పొడి, అంతే. సిమెంటు, టైల్స్, ఎమల్షన్ రంగు వేసి ఆ దారి మూసేశాక నీళ్ళు ఆగవు కదా, ఇంకా పైకి పోయాయి. నాలుగడుగుల టైల్స్ వేస్తే అయిదో అడుగులో బయటపడ్డాయి.

పైగా ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇసకలో, భూగర్భ జలంలో ఎంతో కొంత ఉప్పు ఉంటుంది. పెరటి వైపు గోడకి ఒకప్పుడు పశువుల సాల ఆనుకుని ఉండేది, పేడా పంచితం నానిన నేలలో ఇంకో రకం లవణాలు తయారవుతాయి. బీహార్ పల్లెల్లో ఒకప్పుడు తుపాకీ మందు కోసం సూరేకారం తీసింది అలాంటి మట్టిలోంచే. నీళ్ళు ఆవిరైపోయినా ఉప్పు గోడలోనే మిగిలి, తెల్లగా పూసి, ఇటుకని పొడి చేసేస్తుంది.

ఇక్కడే నాకు ఓ గమ్మత్తు విషయం తెలిసింది. నేను 400 రూపాయల సెన్సరూ ఓ చిన్న బోర్డూ కొని నడిమి గదిలో ఒకటి, పెరట్లో ఒకటి పెట్టాను. పది నిమిషాలకోసారి గాలిలో తేమ శాతం రాసుకుంటుంది. ఆగస్టులో నడిమి గది 85 దిగేది కాదు. గోడ దగ్గరి గాలిలో తేమ 80 దాటి రోజుల తరబడి ఉంటే చాలు, నీటి చుక్క కనిపించకపోయినా బూజు పెరుగుతుంది. ఈ గ్రాఫు మామ్మకి చూపిస్తున్నాను గర్వంగా. ఆవిడ వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చి ముందు పెట్టింది. "ఉప్పు సెమ్మగిల్లిందంటే గాలి తడిగున్నట్టు. అప్పుడు తలుపెయ్యాల, అప్పడాలు డబ్బాలో పెట్టాల. మీ అత్త నేర్పినాది కాదు, మా అత్త నేర్పినాది. దీనికి మిషనెందుకురా?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్ళు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. నౌపడ గళ్ళుప్పులాంటి శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి ఇంకా ముందే చెమర్చుతుంది. జాడీలో ఉప్పు చేసే పనే గోడలో ఉప్పూ చేస్తోంది. అంటే మా గోడ కింద నేల నుంచి తాగుతోంది, పైన గాలి నుంచి కూడా తాగుతోంది.

అక్క ఫోన్‌లో ఇచ్చిన సలహా డీహ్యూమిడిఫయర్. అమెరికాలో అది పనిచేస్తుంది, వాళ్ళ ఇల్లు డబ్బా మూత పెట్టినట్టు ఉంటుంది. మాది పెంకుటిల్లు. చూరు కింద చెయ్యి దూరేంత సందు. అందులో ఆ మిషన్ పెడితే బంగాళాఖాతాన్ని ఆరబెట్టడమే. అమెరికా పర్యావరణ సంస్థ ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉంచుకోమంటుంది. శ్రావణంలో హరిశ్చంద్రపురం వచ్చి చూడమనండి.

"కిటికీలు తెరిచి ఉంచండి" అనే సలహా కూడా అన్నివేళలా సరైంది కాదు. బయట 30 డిగ్రీల ఎండ, 85 శాతం తేమ అనుకోండి. ఆ గాలి లోపలికొచ్చి 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న గోడని తాకితే నీళ్ళు దిగుతాయి, చల్లటి కూల్‌డ్రింక్ సీసా చెమర్చినట్టే. 18 అంగుళాల పాత గోడ చల్లగానే ఉంటుంది, అందుకే కదా ఆ ఇళ్ళు మనకిష్టం. బీరువా వెనక మా చుక్కల కథ అదే, గాలి ఆడదు, గోడ చల్లన. ఏసీ గదులకీ ఇదే గొడవ. పక్కింటివాళ్ళు ఏసీ పెట్టుకున్నాక ఉమ్మడి గోడ మా వైపు ఇంకా చల్లబడింది. వాళ్ళ కరెంటు బిల్లుకి మా ఇంట్లో బూజు! అందుకని లోపలి గాలి, బయటి గాలి రెండింట్లో నిజంగా ఎంత నీరుందో లెక్కేసి, బయట పొడిగా ఉన్నప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో "ఇప్పుడు తలుపులు తియ్యండి" అని మెసేజ్ వచ్చేలా చిన్న ప్రోగ్రామ్ రాశాను. అమ్మ దానికి రోజూ దండం ఎమోజీ పెడుతుంది. తలుపు మాత్రం మామ్మ జాడీ చూసే తీస్తుంది.

ఇదంతా తెలిశాక కూడా ఇంట్లో అసలు తగవు తేలలేదు. నాన్నది ఒకటే మాట: పడగొట్టేసి స్లాబ్ ఇల్లు కట్టేద్దాం, లోన్ నీ పేరు మీద తియ్యి. ఆయన వాదనలో బలం ఉంది. రోడ్డు కిందికి దిగదు. నేను ఎంత సున్నం పూసినా ఇల్లు పైకి లేవదు. మామ్మది ఒకటే మాట: "నన్ను సాగనంపినాక కట్టుకోండి." నాకేమో స్లాబ్ ఇంటి మీద పెద్ద నమ్మకం లేదు. ఉప్పు గాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులు రాలిన స్లాబులు మా వీధిలోనే ఉన్నాయి. పైగా రెండు పక్కలా ఉమ్మడి గోడలు. పాతదంతా గొప్పదని నేననను, నడిమి గదికి కిటికీ పెట్టని తాత తెలివిని నేను మెచ్చుకోలేను. కానీ మామ్మని ఆ గదిలోంచి మార్చకుండా ఏ వాదన గెలిచినా లాభం లేదు.

నాన్నని ఒప్పించింది ప్రపంచ ఆరోగ్య సంస్థ కాదు, మా మామయ్య. ఆయన పలాసలో జీడిపప్పు బట్టీలో పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. పప్పు పొట్టు తీసే ముందు వేడి గదుల్లో ఆరబెడతారు. తేమ 5 శాతం దాటితే ఆ పప్పు ప్యాకింగ్‌కి పనికిరాదు. భోజనాల దగ్గర ఆయన మామూలుగా అడిగారు: "తడి పప్పుని డబ్బాలో పోసి సీలేస్తే ఏటవుద్ది బావా?" నాన్న "బూజెక్కుద్ది" అన్నారు. "మరి తడి గోడకి టైల్సెందుకు అతికించినారు?" అంతే. మర్నాడు నాన్నే గునపం తీశారు.

సంక్రాంతి వెళ్ళాక, గాలి పొడిగా ఉండే రోజులు చూసి మొదలుపెట్టాం. ముందు మామ్మ మంచం వీధి గదిలోకి. మూడు రోజులు అలిగింది. మూతికి ఎన్95 మాస్కులు కట్టుకుని బూజు ఉన్నచోట సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచాం. పొడి చీపురుతో దులిపితే విత్తనాలు ఇల్లంతా ఎగురుతాయి. పది చదరపు అడుగుల లోపు అయితే ఇలా మనమే చేసుకోవచ్చు. వరదలప్పుడు పంచిన బ్లీచింగ్ పౌడర్ ఇంట్లో ఉంది కదా అని చాలామంది అదే పూస్తారు. చెమ్మ ఉన్నంతకాలం దానివల్ల ఒరిగేదేం లేదు. బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ కలిపారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో అది బూజు కంటే ముందు మనిషిని పడేస్తుంది.

తర్వాత టైల్స్, సిమెంటు ప్లాస్టింగ్, చెమ్మ గీత మీద ఇంకో అడుగున్నర పైదాకా పీకేశాం. టైల్స్ వెనక ఇటుక చేత్తో నలిపితే పొడైంది. ఉప్పుని నీళ్ళతో కడక్కూడదు, మళ్ళీ గోడలోకే ఇంకుతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారెయ్యాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా గొట్టం పెట్టించాం. స్నానాల గది నీళ్ళు పెరటి గోడ పక్కనుంచే పోతున్నాయి, ఆ కాలువ నాలుగడుగులు దూరం జరిపాం. ఈ రెండు పనులకీ కలిపి అయిన ఖర్చు మూడేళ్ళ రంగుల ఖర్చులో సగం కూడా లేదు. వీధి వైపు రోడ్డుకీ గోడకీ మధ్య జానెడు వెడల్పున కాలువ తవ్వి గులకరాళ్ళు పోశాం, రోడ్డు నీళ్ళు గోడని తాకకుండా పక్కకి పోవడానికి. ఆకాశం జాగా మీది రేకు తీసేసి, పిల్లి దూరకుండా జల్లెడ కొట్టించాం. నడిమి గది కప్పులో రెండు అద్దం పెంకులు. మామ్మ వచ్చి తల ఎత్తి చూసి, "ఓలమ్మ, ఇక్కడింత ఎలుతురుండేదేటి!" అంది.

సున్నం దొరకడమే పెద్ద పని అయింది. పాతరోజుల్లో తీరం వెంబడి ఆల్చిప్పలు, గుల్లలు కాల్చి చేసిన గుల్ల సున్నం వాడేవారు. ఇప్పుడు షాపులో సున్నం అడిగితే తమలపాకుకా అంటారు. డెబ్బై దాటిన ఓ తాపీ మేస్త్రిగారు కోటబొమ్మాళి వైపు నుంచి వచ్చారు. డ్రమ్ములో రాయి సున్నం వేసి నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికింది. కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి రానివ్వలేదు నన్ను, కంట్లో పడితే చూపు పోతుంది. ఏటా సంక్రాంతికి సున్నం వెయ్యడం పండగ ముచ్చట అనుకునేవాణ్ణి. తాజా సున్నానికి ఘాటైన క్షార గుణం ఉంటుంది, అందులో బూజు బతకదు. ఎండకాలం మొదలుకి ముందు ఏడాదికో కోటు, అంటే ఏడాదికో డోసు.

అయితే మేస్త్రిగారు పూత వెయ్యకుండా వెళ్ళిపోయారు. గోడని వేలితో గీరి చూసి "ఇది ఇంకా తడి. ఆరినాక పిలవండి" అన్నారు. ఎన్నాళ్ళు? గోడ అంగుళం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుందని ఓ మోటు లెక్క ఉంది. మాది 18 అంగుళాలు. ఏడాదిన్నర! రెండు వారాల్లో రిలీజ్ చేసే ఉద్యోగం నాది, ఆ లెక్క విన్నప్పుడు నా మొహం చూసి ఆయన నవ్వారు. పనికి తెచ్చిన సున్నం వృథా కాదట, నీళ్ళలో మునిగి ఉంటే ఎన్నాళ్ళుంటే అంత మంచిదట. ఆ డ్రమ్ము ఇప్పటికీ పెరట్లో మూత పెట్టి ఉంది.

అందుకని ప్రస్తుతం నడిమి గది గోడలు ఎర్రటి ఇటుకతో, నగ్నంగా, సగం తవ్విన పురావస్తు స్థలంలా ఉన్నాయి. చుట్టాలొస్తే అమ్మ ఆ గదికి పరదా వేస్తుంది. పెట్టెలు, బీరువా గోడకి అర అడుగు దూరం జరిపి ఇటుకల మీదకెక్కించాం. పొలం పాస్‌బుక్కులు, తాత దస్తావేజులు, నా సర్టిఫికెట్లు వీధి గదిలోకి మారాయి. కొన్ని దస్తావేజుల అంచులు అప్పటికే బూజు తినేసింది, వాటిని నీడలో ఆరబెట్టి మెత్తని కుంచెతో దులిపి ఫోన్‌లో స్కాన్ చేసి పెట్టాను.

ఇది ఎనిమిదో నెల, మళ్ళీ శ్రావణం. సెన్సర్ నడిమి గదిలో 78, 80 చూపిస్తోంది, పోయిన ఏడాది ఇదే వారంలో 88 ఉండేది. వీధి వైపు గోడకి ఉప్పు ఇంకా పూస్తూనే ఉంది. ఆదివారం ఆదివారం నాన్న బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తుతున్నారు. మధ్య గోడకి పోయిన వారం అంటించిన పాలిథిన్ మొదటిసారి రెండు వైపులా పొడిగా వచ్చింది. మామ్మకి రాత్రి ఆయాసం పూర్తిగా పోలేదు, ఇన్‌హేలర్ వాడుతూనే ఉంది, కానీ ఈ నెలలో రెండు సార్లే లేచింది. ఇల్లు పడగొట్టాలన్న మాట నాన్న మానుకోలేదు, కాస్త గొంతు తగ్గించారంతే. మంచం మళ్ళీ నడిమి గదిలోకి ఎప్పుడు వేస్తారని మామ్మ రోజూ అడుగుతోంది. కార్తీకం వెళ్ళాక చూద్దాం అన్నాం.